లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లతో మాట్లాడే పద్ధతి

మాస్టారు ఆ పరభాషను ఇరవై మూడేళ్లుగా బోధిస్తున్నారు. ఈ ఇరవై మూడేళ్లలో ఆ భాష సొంతభాషగా ఉన్న మనిషి ఒక్కరు కూడా ఆయనతో మాట్లాడలేదు. ఇందులో వింతేమీ ఉన్నట్టు ఎవరికీ తోచలేదు, ఆయనకు కూడా. ఆ దేశం చాలా దూరం. ఆ దేశంవాళ్లకు ఈ ఊళ్లో పనేమీ లేదు. మాస్టారికి ఆ భాష నేర్పిన గురువుగారు కూడా దాన్ని పుస్తకంలోనే నేర్చుకున్నారు. ఆ పుస్తకం రాసినాయన ఎక్కడ నేర్చుకున్నాడో ముందుమాటలో చెప్పలేదు.

పిల్లలు ఆయన్ను పట్టికల మాస్టారు అనేవారు. ఆయన గది గోడల మీద ఏడు పట్టికలు ఉండేవి. క్రియలకు నాలుగు, సర్వనామాలకు రెండు, ఏ గడిలోనూ ఇమడని మొండి క్రియలకు ఒకటి. ప్రతి వేసవి సెలవుల్లో వాటి అంచులకు ఆయనే స్వయంగా కొత్త కాగితం అంటించేవారు. పరీక్షల్లో ఆయన తరగతి మొత్తం గట్టెక్కేది. పరీక్ష హాలు మెట్లు దిగేసరికి పిల్లలు నేర్చుకున్నదంతా ఆ మెట్ల మీదే వదిలేసి పోయేవారు. అది కూడా ఎవరికీ వింతగా తోచలేదు.

ఒక సోమవారం మధ్యాహ్నం, ఆరో తరగతికి మొండి క్రియలు చెబుతుండగా, ఆఫీసుగదిలో ఫోను వచ్చిందని కబురందింది. ఫోన్లో ఆయన భార్య. ఆవిడ పెద్దాసుపత్రిలో మూడో అంతస్తు వార్డుకు హెడ్‌నర్సు.

"ఏవండీ, కాస్త తొందరగా రాగలరా? ఇక్కడ ఒక పెద్దావిడ చెయ్యి విరిగి చేరింది. టూరు బస్సు దిగుతూ పడిందట. మీ భాష మనిషే. గైడు సాయంత్రానికి గాని రాడు. మత్తు ఇచ్చేముందు ఏ మందు పడదో కనుక్కోవాలి. మా ఆయన ఆ భాషలో ఆరితేరినవారని డాక్టరుగారితో చెప్పేశాను."

ఆ ఆఖరి మాటకు మాస్టారు లోలోపల మురిసిపోయారు. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, నిఘంటువు చంకలో పెట్టుకుని బయల్దేరారు. దారిలో పద్నాలుగో పాఠం, 'వైద్యుని సందర్శించుట', రెండుసార్లు మననం చేసుకున్నారు.

పెద్దావిడకు డెబ్బై ఏళ్లుంటాయి. ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని కిటికీ వైపు చూస్తోంది. డాక్టరు, భార్య, ఇద్దరు నర్సులు, పక్క మంచం తాలూకు చుట్టాలు అంతా మాస్టారికి దారి ఇచ్చి చుట్టూ నిలబడ్డారు. మాస్టారు గొంతు సవరించుకుని ఆవిడతో మాట్లాడారు. ఆయన అన్నదాన్ని మన మాటల్లో పెడితే ఇంచుమించు ఇలా ఉంటుంది:

"పూజ్యురాలా! తమ శరీరమునందు ఏ యవయవము బాధకు లోనైయున్నది? ఏ యౌషధములు తమకు హాని కలిగించునో సవిస్తరముగ సెలవీయుడు."

పెద్దావిడ ముఖం పాలిపోయింది. దుప్పటిని గడ్డం దాకా లాక్కుంది. సరిగ్గా వినపడలేదేమోనని మాస్టారు అదే మళ్లీ గట్టిగా చెప్పారు. ఈసారి ఆవిడ ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే గబగబా ఏదో అడిగింది. పొడుగాటి ప్రశ్న, దాని వెనకాలే ఇంకో చిన్న ప్రశ్న.

మాస్టారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏవో కొన్ని మాటలు తెలియకపోవడం కాదు. ఎక్కడ ఒక మాట అయిపోయి ఇంకో మాట మొదలైందో కూడా తెలియలేదు. కుళాయి కింద బిందె నిండుతున్న చప్పుడులా ఉందంతే.

"ఏమంటున్నారు?" అన్నాడు డాక్టరు.

"ఆలోచించుకుంటున్నారు," అన్నారు మాస్టారు.

బయట వరండాలో రెండు రోజులుగా లిఫ్టు పనిచేయడం లేదు. దాన్ని బాగుచేస్తున్న మెకానిక్ ఏడుపు విని వార్డులోకి తల పెట్టాడు. మోచేతుల దాకా గ్రీజు, చేతిలో రెంచి. అతను గుమ్మంలోంచే ఆ పెద్దావిడను ఆ భాషలోనే పలకరించాడు. ఏమని పలకరించాడో మాస్టారికి చాలా రోజుల తర్వాత గాని తెలియలేదు: "ఏం పిన్నీ, చెయ్యి విరగ్గొట్టుకున్నావా? ఏడుపెందుకు, అది మెడ కాదుగా!"

పెద్దావిడ ఏడుపు మధ్యలో నవ్వింది. తర్వాత ఆగకుండా మాట్లాడింది. మెకానిక్ గోడకు ఆనుకుని ఊఁ కొట్టాడు. నాలుగు నిమిషాలయ్యాక డాక్టరు వైపు తిరిగాడు.

"ఒక నొప్పి మాత్ర పడదట, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయట. దాని పేరు సంచిలో కాగితం మీద ఉంది. మిగతావి ఏమిచ్చినా పర్లేదు. కళ్లజోడు బస్సులో ఉండిపోయింది, తెప్పించమంటోంది. గైడు వట్టి వెధవట." కాస్త ఆగి మాస్టారి వైపు చూశాడు. "ఈయన ఎవరని అడుగుతోంది. ఆస్తి రాయించుకోడానికి వచ్చిన కోర్టు మనిషా, నేను చచ్చిపోతున్నానా అని."

మాస్టారు నిఘంటువును ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య ఈ సంగతి ఎత్తలేదు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆవిడ ఏదైనా ఒక సంగతి ఎత్తకుండా ఊరుకోవడం అదే మొదలు.

రెండు వారాలకు బడికి సర్క్యులర్ వచ్చింది. ప్రపంచ భాషలను ఇకమీదట సంస్కృతి ద్వారా బోధించాలి. వ్యాకరణం ద్వారా బోధిస్తే ఆశించిన ఫలితాలు రావడం లేదని పైవాళ్లు గ్రహించారు. అయిదు వారాల్లో తనిఖీ. అంతే ఉంది అందులో. ఎలా అన్నది లేదు.

పెద్ద మేడం దాన్ని స్టాఫ్‌రూములో నిలబడి చదివి, కళ్లజోడు తీసి, "సంస్కృతి అంటే ముందు టోపీలు," అన్నారు.

ఎవరూ కాదనలేదు.

"వాళ్లు ఎలాంటి టోపీలు పెట్టుకుంటారు మాస్టారూ?"

మాస్టారికి తెలియదు. తెలియదని చెప్పే అలవాటు కూడా లేదు. మూడో పాఠం బొమ్మలో ఒకాయన టోపీ పెట్టుకుని రైలు స్టేషన్లో నిలబడి ఉంటాడు. "అంచు కాస్త వెడల్పుగా ఉంటుందండీ," అన్నారు. డ్రాయింగు టీచరు ఆ పూటే అట్టలు తెప్పించి ఎనిమిదో తరగతికి ముప్పై ఒక్క టోపీలు కత్తిరించడం మొదలుపెట్టింది.

మర్నాడు బడి వదిలాక మాస్టారు ఆసుపత్రికి వెళ్లారు. మెకానిక్ కోసం అడిగితే డాబా మీద మోటారు గదిలో ఉన్నాడన్నారు. లిఫ్టు పనిచేస్తోంది గాని, అందులో ఎక్కడానికి ఆయనకు ముఖం చెల్లలేదు. అయిదంతస్తులూ మెట్లెక్కి వెళ్లారు. మోటారు గదిలో నూనె వాసన. మెకానిక్ తిరగేసిన బకెట్టు మీద కూర్చుని తాడు చక్రానికి గ్రీజు పెడుతున్నాడు. మాస్టారు సర్క్యులర్ గురించీ తనిఖీ గురించీ టోపీల గురించీ చెప్పారు. ఒకసారి బడికొచ్చి పిల్లలకు మీ సంస్కృతి చెప్పాలన్నారు.

"సంస్కృతా? నా దగ్గర లేదే," అన్నాడు మెకానిక్, ఎవరో స్క్రూడ్రైవరు అడిగినట్టు.

"పాటలు?"

"రావు."

"పోనీ నాట్యం?"

"మా తమ్ముడు చేసేవాడు. మోకాలు పట్టేసింది, మానేశాడు."

"మీ దేశంలో జనం ఏం చేస్తారో అదైనా..."

"నేను అక్కడ కూడా లిఫ్టులే బాగుచేశాను."

మాస్టారు లేచి వెళ్లిపోదామనుకున్నారు. కాని మళ్లీ అన్ని మెట్లు ఎక్కిరావడం జరిగే పని కాదనిపించి, ఎవరితోనూ అనని మాట అనేశారు.

"ఆ రోజు పెద్దావిడ మాట్లాడింది నాకు ఒక్క ముక్క అర్థం కాలేదండీ."

"తెలుసు. నీ ముఖం చూస్తేనే తెలిసింది," అన్నాడు మెకానిక్. అతను ఎవరినైనా నువ్వనే అంటాడు. ఈ ఊరొచ్చి పదకొండేళ్లయినా ఆ అలవాటు పోలేదు. "గురువారం మధ్యాహ్నాలు నాకు పని తక్కువ. వస్తాను. టోపీ మాత్రం పెట్టుకోను. ఇంకోటి, నాకూ ఒక పని చేసిపెట్టాలి."

"చెప్పండి."

"ఈ నెలలో మా కంపెనీకి నా మీద మూడు కంప్లైంట్లు వెళ్లాయి. బ్యాంకు మేనేజర్ని నువ్వన్నానట. డాక్టర్ని నువ్వన్నానట. మీ భాషలో ఎవర్ని ఏమనాలో, అన్నప్పుడు మాట తోక ఎలా మారుతుందో నాకు చచ్చినా పట్టుబడట్లేదు. ఒక కాగితం మీద రాసివ్వు."

మాస్టారికి రెండు వారాల తర్వాత మొదటిసారి ఊపిరాడినట్టయింది. "పట్టికలా వెయ్యనా?" అన్నారు.

"అదే. గళ్లు గీసి."

మొదటి గురువారం పెద్ద మేడం స్వయంగా అతన్ని తరగతికి తీసుకొచ్చారు. "నువ్వు కూర్చో అమ్మా, నేను చెప్పుకుంటాలే," అన్నాడతను ఆవిడతో. పెద్ద మేడాన్ని బడిలో ఎవరూ పన్నెండేళ్లుగా నువ్వనలేదు. ఆవిడ కూర్చోలేదు గాని, తలుపు దగ్గర కాసేపు అలాగే నిలబడి, తర్వాత ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోయారు.

ముప్పై ఒక్కమంది లేచి నిలబడి మాస్టారు నేర్పిన నమస్కార వాక్యం ఏకకంఠంతో అప్పజెప్పారు. మెకానిక్ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని.

"నాతోనేనా?" అన్నాడు. "ఇలా మా దేశంలో ఇద్దరే మాట్లాడతారు. ఒకటి కోర్టువాళ్లు. రెండు, మొగుడూ పెళ్లాం దెబ్బలాడుకుని మాటలు మానేసే ముందు. 'తమరు భోజనమునకు వచ్చెదరా' అని మా అమ్మ అందంటే, మా నాన్న ఆ పూట బయట తినాలన్నమాట."

పిల్లలు మాస్టారి వైపు చూశారు. మాస్టారు గోడ మీద సర్వనామాల మొదటి పట్టిక వైపు చూశారు. అందులో 'తమరు' ఎర్ర సిరాతో పెద్దక్షరాల్లో ఉంది.

రెండో బెంచీలో ఒక పిల్ల ఉండేది. ప్రతి పాఠంలోనూ ఆ పిల్ల అడిగినన్ని ప్రశ్నలు మిగతా తరగతంతా కలిసి అడిగేది కాదు. అందరూ ప్రశ్నల పిల్ల అనేవారు. ఆ పిల్ల చెయ్యెత్తింది. "మరి మీ ఇంట్లో భోజనానికి ఎలా పిలుస్తారు?"

"మా నాయనమ్మ పిలిచేది. మూడుసార్లు." అతను కిటికీ దగ్గరికి వెళ్లి, అవతల ఎవరో ఆడుకుంటున్నట్టు ఆ భాషలో కేకేశాడు. మొదటి పిలుపు మామూలుగా, పేరు పెట్టి. రెండోది కాస్త సాగదీసి, నాన్నా, బంగారూ అన్నట్టు. మూడోది ఇంటిపేరుతో సహా, మొత్తం పేరంతా, తలుపు మీద కొట్టినట్టు. "మూడోది వినపడ్డాక ఇంకా ఆడుకునేవాణ్ణి నేను చూళ్లేదు."

"మా అమ్మా అంతే!" అని ఓ మూల నుంచి ఎవరో అరిచారు. ఆ తర్వాత అరగంట సేపు ముప్పై ఒక్కమంది పిల్లలు ఆ భాషలో ఒకరినొకరు భోజనానికి పిలుచుకున్నారు. రా, వస్తున్నావా లేదా, ఇంకెన్నిసార్లు పిలవాలి, చల్లారిపోతోంది. మాస్టారు ఆఖరి బెంచీలో కూర్చుని ఒక్కొక్కటే రాసుకున్నారు. రాసుకున్నాక, చెయ్యి ఊరుకోక, పక్కన గళ్లు గీశారు: మొదటి పిలుపు, రెండో పిలుపు, మూడో పిలుపు. ఈ పిలుపుల్లో మొండి క్రియలు నాలుగున్నాయి. వాటిని ఆయన నెల రోజులు చెబుతారు. పిల్లలు అరగంటలో అరిచేశారు.

మూడో గురువారానికి పిల్లలు అతని పని గురించి అడిగారు. మెకానిక్ నాలుగు బెంచీలను నిలబెట్టి లిఫ్టు కట్టాడు. ఆరుగురిని లోపల ఇరికించాడు.

"లిఫ్టు ఆగిపోతే తలుపు తీయడం పెద్ద పని కాదు. తీసేదాకా లోపలివాళ్లతో మాట్లాడాలి. అది నా పనిలో సగం. ముందు పేర్లడగాలి. తర్వాత ఇంకెంతసేపో చెప్పాలి. ఎంత పట్టినా పది నిమిషాలే అనాలి."

"భయపడకండి అనాలా?" అంది ప్రశ్నల పిల్ల.

"ఆ మాట అనకూడదు! అన్నావంటే తాడు తెగిందనుకుంటారు. మా దేశంలో ఏం చేస్తామంటే, ఎవరిమీద కోపంగా ఉందో అడుగుతాం. బావమరిది మీదా, ఇంటి ఓనరు మీదా. తిట్టుకుంటున్న మనిషికి భయం ఉండదు. వాళ్ల తిట్లు అయ్యేసరికి నేను తలుపు తీసేస్తాను."

"ఇది సంస్కృతేనా సార్?" అని ప్రశ్నల పిల్ల వెనక్కి తిరిగి మాస్టార్ని అడిగింది.

మాస్టారు కొంచెం ఆలోచించి, "రాసుకోండి," అన్నారు.

పిల్లలు లోపల నిలబడి ఆ భాషలో ఫిర్యాదులు చెప్పారు. మా అక్క నా చెప్పులు వేసుకుని పోతుంది. మా పైవాళ్లు బట్టలు పిండకుండా ఆరేస్తారు. మా బాబాయి వచ్చినప్పుడల్లా ఏ క్లాసు అని అడుగుతాడు, మళ్లీ మర్చిపోతాడు. ఇన్నేళ్లలో ఆ గదిలో 'మా మామయ్య తోటలో మూడు వృక్షములు కలవు' అన్నదే అప్పటిదాకా అన్నిటికంటే ఘాటైన వాక్యం.

నాలుగో గురువారం లిఫ్టులో ఎవరుండాలన్న మాట వచ్చినప్పుడు మెకానిక్ ఆఖరి బెంచీ వైపు చెయ్యి చూపించాడు. "ఆయన ఒక్కసారీ ఎక్కలేదు."

మాస్టారు వద్దన్నారు. చాక్‌పీసు దుమ్ము దులుపుకున్నారు. ఆఫీసులో పనుందన్నారు. ముప్పై ఒక్కమందీ బల్లలు చరిచేసరికి వెళ్లి బెంచీల మధ్య నిలబడ్డారు. బయట ప్రశ్నల పిల్ల. ఆ పిల్ల ఆ భాషలో పద్ధతి ప్రకారం అడిగింది.

"పేరేంటి బాబాయ్?"

ఆయన చెప్పారు.

"ఎవరిమీద కోపం?"

మాస్టారి తలలో ఏడు పట్టికలూ ఒకేసారి లేచి నిలబడ్డాయి. ఏ గడిలోంచి ఏ మాట తీయాలో తోచలేదు. బెంచీల సందులోంచి పిల్లల ముఖాలు కనిపిస్తున్నాయి. చాలాసేపటికి ఆయన ఆ భాషలోనే, ఒక్కొక్క మాటే ఏరుకుంటూ అన్నారు:

"నా మీద. నేను ఇరవై మూడు సంవత్సరం చెప్పాను. నాకు ఈ భాష వినపడదు. చదువుతాను, రాస్తాను. మనిషి మాట్లాడితే వినపడదు. ఎవరూ నాతో మాట్లాడలేదు. సిగ్గు ఉంది."

అందులో తప్పులు నాలుగున్నాయి. ఎవరి పేపర్లోనైనా ఉంటే ఎర్రసిరాతో సున్నాలు చుట్టేవారు. పిల్లల్లో కొందరికి అర్థమైంది, కొందరికి పక్కవాళ్లు చెప్పారు. మెకానిక్ కిటికీ గొళ్లెం బిగువుగా ఉందో లేదో చూస్తున్నాడు.

ప్రశ్నల పిల్ల ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తనకు నేర్పిన పద్ధతిలో తర్వాతి మాట ఏదో అదే అంది. "ఇంకో పది నిమిషాలే బాబాయ్. మేమిక్కడే ఉన్నాం."

ఆ రోజు మాస్టారు ఇంటికి వెళ్లగానే, కాళ్లు కూడా కడుక్కోకుండా, ఆసుపత్రిలో తనకేమీ అర్థం కాలేదన్న సంగతి భార్యకు చెప్పారు. ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"నాకు ఆ రోజే తెలుసండీ," అంది. "ఎప్పటికైనా చెబుతారా లేదా అని చూస్తున్నాను. ఆ తువ్వాలు ఇటివ్వండి."

తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ యాభై దాటిన మనిషి. బడి రెండో అంతస్తుకు మెట్లెక్కి వచ్చి, తలుపు పట్టుకుని కాసేపు నిలబడ్డారు. ఆ రోజు ఆవిడకు అది నాలుగో బడి. "ఆరు భాషలకు నేనే ఇన్‌స్పెక్టర్ని," అన్నారు మాస్టారితో. "ఒక్కటీ రాదు. దాచుకునేదేముంది!" ఆవిడ చేతిలో నాలుగు పేజీల ఫారం ఉంది. వేషధారణ, పాట, వంటకం, పండుగ, పటం. ఒక్కొక్కదాని పక్కన ఒక్కొక్క గడి.

టోపీలు బల్ల మీద దొంతరగా ఉన్నాయి. డ్రాయింగు టీచరు వాటిని తన తల కొలతతో చేసింది. పిల్లలు పెట్టుకుంటే ముక్కు దాకా దిగిపోయి, ఎవరితో మాట్లాడుతున్నారో కనిపించడం లేదు. అందుకని తీసేశారు. పెద్ద మేడం కళ్లతోనే పెట్టుకోమన్నారు. ఎవరూ ఆవిడ కళ్ల వైపు చూడలేదు.

"సరే, సంస్కృతి చూపించండి," అన్నారు ఇన్‌స్పెక్టరమ్మ.

పిల్లలు నిమిషంలో బెంచీలు నిలబెట్టారు. ఎవరు లోపలికి వెళ్తారని ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ప్రశ్నల పిల్ల ఇన్‌స్పెక్టరమ్మనే అడిగింది. పెద్ద మేడం "ఏయ్!" అనేలోపు ఆవిడ ఫారం మాస్టారి చేతిలో పెట్టి బెంచీల మధ్యకు వెళ్లి నిలబడ్డారు.

"పేరేంటి పిన్నీ? ఎవరిమీద కోపం?"

మాస్టారు ఇన్‌స్పెక్టరమ్మకు అర్థం చెప్పారు. ఆవిడ కాస్త తటపటాయించారు. తర్వాత మన మాటల్లోనే చెప్పడం మొదలుపెట్టారు. పిల్లలు ఒక్కొక్క మాటకూ ఆ భాషలో మాట అందించారు. ఆవిడ పలికారు. తప్పు పలికితే మళ్లీ పలికించారు. ఆవిడ ఆ భాషలో చెప్పిన మొట్టమొదటి మాటలివి: "ఇవాళ నాలుగు బళ్లు. ప్రతి బడికీ మెట్లు. ప్రతి బడిలోనూ టోపీలు. ఎవరూ కుర్చీ వెయ్యరు."

"ఇంకో పది నిమిషాలే పిన్నీ," అన్నారు పిల్లలు. ఇద్దరు పరుగెత్తుకెళ్లి కుర్చీ తెచ్చి బెంచీల మధ్య వేశారు. ఆవిడ కూర్చుని మోకాళ్ల గురించి చెప్పారు. పై అధికారి గురించి చెప్పారు. ఆయన పేరు చెప్పబోయి ఆగారు. అలా ఇరవై అయిదు నిమిషాలు గడిచాయి. పెద్ద మేడం గడియారం మూడుసార్లు చూసుకున్నారు.

నివేదిక పది రోజులకు వచ్చింది. 'వేషధారణ: టోపీలు కలవు, వాడుకలో లేవు. పాట: లేదు. వంటకం: లేదు. పండుగ: లేదు. పటం: లేదు. విద్యార్థులు మాట్లాడుతున్నారు, దీనికి ఫారములో గడి లేదు. మొత్తము మీద: అసంతృప్తికరము. మరల తనిఖీ అవసరము. ఆ తనిఖీకి నేనే వచ్చెదను.'

పెద్ద మేడం ఆ కాగితం పట్టుకుని తరగతి గదికే వచ్చారు. "చూశారా మాస్టారూ! ఒక్క పాటైనా నేర్పించమన్నానా లేదా?"

"అతనికి పాటలు రావండీ. నాకూ రావు. పిల్లలు మాట్లాడుతున్నారు కదా."

"ఏం మాట్లాడుతున్నారు? ఊళ్లోవాళ్లందరి మీదా చాడీలు!"

"అవునండీ," అన్నారు మాస్టారు. "తప్పుల్లేకుండా చెబుతున్నారు." అంతలో మనస్సాక్షి ఒప్పుకోక, "తప్పులున్నాయిలెండి. తక్కువ," అన్నారు.

పెద్ద మేడం కాగితం మడిచి పట్టుకుని వెళ్లిపోయారు. గురువారాలు ఆపమని మాత్రం అనలేదు. రెండో తనిఖీకి ఇన్‌స్పెక్టరమ్మ ఎవరిమీద ఏం చెప్పాలో ముందే కాగితం మీద రాసుకుని వచ్చారు. ఈసారి 'సంతృప్తికరము' అని రాశారు. పటం లేకపోవడం మాత్రం మళ్లీ ఎత్తి చూపారు.

ఈలోగా మాస్టారు తన మాట నిలబెట్టుకున్నారు. వారానికి రెండు సాయంత్రాలు మోటారు గదికి వెళ్లి మెకానిక్‌కు పాఠం చెప్పేవారు. ఇప్పుడు లిఫ్టులోనే వెళ్లేవారు. నువ్వు, మీరు, తమరు అన్నవాటి పట్టిక మెకానిక్ స్విచ్చు బోర్డు తలుపు లోపలివైపు అంటించుకున్నాడు. ఆ తర్వాత కంపెనీకి ఒక్క కంప్లైంటే వెళ్లింది. అది కూడా కూరగాయలమ్మాయిని తమరన్నాడని, వెటకారం చేస్తున్నాడని.

ఒక సాయంత్రం భూతకాలం పాఠం నడుస్తోంది. ఇంట్లోవాళ్ల గురించి అయిదు వాక్యాలు రాయమన్నారు మాస్టారు. మెకానిక్ మోకాలి మీద నోటుబుక్కు పెట్టుకుని, పెన్సిలు నాలిక మీద తడుపుకుంటూ రాశాడు. మాస్టారు అందుకుని దిద్దసాగారు. మూడో వాక్యం: 'మా అమ్మ టాక్సీ నడుపుతుంది.'

"ఇప్పటికీ నడుపుతున్నారా?" అన్నారు మాస్టారు, కాలం చూసుకోవాలి కాబట్టి.

"లేదు. పోయినేడు పోయింది."

"అయితే 'నడిపేది' అనాలి."

ఆ మాట నోటివెంట వచ్చేశాక గాని తానేమన్నారో మాస్టారికి తెలియలేదు. తల కొట్టేసినట్టయింది. క్షమించమని అడగాలనుకున్నారు. ఏ భాషలో అడగాలో తేలలేదు.

మెకానిక్ నోటుబుక్కు వెనక్కి తీసుకున్నాడు. 'నడుపుతుంది' కొట్టేసి, ఒక్కొక్క అక్షరమే పలుకుతూ 'నడిపేది' అని రాశాడు. రాసినదాన్ని కాసేపు చూశాడు. తర్వాత తన భాషలో, మామూలుగా అతను మాట్లాడే వేగంతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఫోను వచ్చినప్పుడు తను ఏదో బ్యాంకు లిఫ్టు గోతిలో ఉన్నాడట. అక్కడ సిగ్నలు సరిగ్గా అందదు. తమ్ముడు చెప్పింది సగమే వినపడింది. పైకెక్కి వచ్చేసరికి మిగతా సగం చెప్పడానికి తమ్ముడికి నోరు రాలేదు. ఆ తర్వాత ఈ ఊళ్లో తన భాషలో ఆ మాట చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేడు. వార్డులో ఆ పెద్దావిడ ఏడుస్తున్నప్పుడు వినపడింది గొంతు కాదు, యాస. అమ్మ వాళ్ల జిల్లా యాస. టాక్సీ పసుపురంగుది. అమ్మ ఎక్కినవాళ్లందరితోనూ ఏదో ఒకటి...

ఇంచుమించు సగం మాస్టారికి అర్థమైంది. మిగతా సగం జారిపోయింది. ఆపి అడగవచ్చు. ఆయన అడగలేదు. తడబడినచోట మెకానిక్ తప్పు క్రియ వాడినట్టు కూడా ఆయనకు అనిపించింది. దాన్నీ పట్టించుకోలేదు.

కింద మూడో అంతస్తులో ఎవరో బటన్ నొక్కారు. గదిలో చక్రం కదిలి తాడు లాగడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు మీదుగా వినపడాలని మెకానిక్ గొంతు పెంచాడు. మాస్టారు తాను కూర్చున్న బకెట్టును కొంచెం దగ్గరికి జరుపుకున్నారు.